ఆళ్లగడ్డ గాలీ, నేను మార్చిన మీటరూ

టీచరమ్మ పోయారన్న సంగతి నాకు పోయిన శుక్రవారం పొద్దున తెలిసింది. నంద్యాలలో నా సైకిలు అంగడి తెరిచి, మొదటి బేరంగా వచ్చిన ఒక చక్రానికి వంకర తీస్తున్నాను. ఆళ్లగడ్డ బస్సు దిగిన మనిషొకడు వచ్చి అంగడి ముందు నిలబడ్డాడు.

"మీటర్ల సాయిబంటే నువ్వేనా అప్పా?"

"నేనే. ఏం గావాల?"

"మా పెద్దాయన నీకు చెప్పి రమ్మన్యాడు. వాళ్ళ చెల్లెలు, ఆ టీచరమ్మ, రాత్రి పోయింది. మద్యానం మూడు గంటలకు మట్టి చేస్తారంట."

టీ తాగిపొమ్మన్నా వినకుండా అతను వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ కూర్చుని చక్రానికి చువ్వలు బిగించాను. బిగించేకొద్దీ అది ఇంకా వంకర పోయింది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. ఏ చువ్వ వదులు చేయాలో, ఏది బిగించాలో ఆ పూట నాకు తెలియలేదు.

ఏడుపు రావడం నాకు అర్థమైంది. అర్థం కానిది ఇంకొకటి ఉంది. టీచరమ్మ వాళ్ళన్న, ఆ పెద్దాయన, పదేళ్ళకు పైగా నాతో మాట్లాడలేదు. నంద్యాలకు వస్తే నా అంగడి రాకముందే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవారు. అలాంటి మనిషి, ఇంట్లో శవాన్ని పెట్టుకుని, నాకోసం ప్రత్యేకంగా మనిషిని ఎందుకు పంపినట్టు?

ఆయన మాట్లాడకపోవడంలో తప్పు లేదు. తప్పు నాది. ఆ సంగతి దాచిపెట్టి టీచరమ్మ గురించి నాలుగు మంచి మాటలు రాస్తే, అది ఆమెకు నచ్చదు. అందుకని నా పరువు పోయినా సరే, జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆమె మొదటిసారి నా అంగడికి వచ్చింది డెబ్బైల మొదట్లో. ఇక్కడి ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళమ్మతో ఒక పాత మట్టిమిద్దెలో ఉండేవారు. చేతిలో గొడుగు, కొప్పులో గుచ్చిన పెన్సిలు. ఆ రోజు సంచిలోంచి నాలుగు అల్యూమినియం గరిటెలు తీసి నా ముందు పెట్టారు.

"వీటి కాడలు కోసి, ఒక సైకిలు చక్రం నడిమి హబ్బుకు నాలుగు పక్కలా బిగించాలప్పా. గాలికి గిర్రున తిరగల్ల."

"ఏందమ్మా ఇది?"

"గాలిని కొలిచేది."

"కొలిచి ఏం చేస్తారమ్మా? శేర్ల లెక్కన అమ్ముతారా?"

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. తన లేడీస్ సైకిలు ముందు చక్రానికి ఉన్న మీటరును చూపించారు. ఈ కాలం పిల్లలకు తెలియదేమో, అప్పట్లో సైకిలు ఎంత దూరం నడిచిందో చూపే చిన్న మీటర్లు ఉండేవి. చక్రం ఒక చుట్టు తిరిగితే చువ్వకు బిగించిన పుల్ల వచ్చి మీటరును ఒకసారి తడుతుంది. అలా తట్టీ తట్టీ లోపల అంకెలు జరుగుతాయి. "దీన్ని ఊడదీసి గరిటెలకు పెట్టు. గాలి ఎంత దూరం నడిచిందో అదే చెప్తాది" అన్నారు. ఆ మాట విన్నప్పటినుంచి నేను ఆమె మనిషినైపోయాను.

గరిటెల చక్రం తయారైంది. కానీ మీటరు పది మైళ్ళు చూపితే గాలి నిజంగా ఎంత నడిచినట్టు? దానికి ఆమె ఒక ఉపాయం చేశారు. చర్చి పాస్టరు గారి జీపు అడిగి తెచ్చారు. ఆకు కదలని ఒక పొద్దున పాణ్యం రోడ్డు మీద జీపు వెనక భాగంలో ఎక్కి నిలబడి, కొంగు నడుముకు దోపి, గరిటెల కర్రను తల మీదుగా ఎత్తి పట్టుకున్నారు. కదలని గాల్లో మనం పోతే మనకది గాలే గదప్పా అని ఆమె లెక్క. నేను డ్రైవరు పక్కన కూర్చుని జీపు మీటరు, సైకిలు మీటరు రెండూ చదివాను. చేలకు పోయే వాళ్ళు ఆగి చూశారు. ఒక ఆడమనిషి గట్టిగానే అడిగింది, "పాపం, ఎన్నాళ్ళ నుంచి ఇట్లుందప్పా టీచరమ్మకు?" అని. టీచరమ్మ పైనుంచే జవాబు చెప్పారు, "ఈ వారం నుంచే!"

చక్రం ఆమె మిద్దె మీద నిలబడింది. వర్షం కొలిచే గాజు సీసా, వేడి చూసే గొట్టం, వాటి పక్కన ఇది. పొద్దునా సాయంత్రం ఆమె పైకెక్కి నోటుబుక్కులో రాసుకునేవారు. రబ్బరు ఎన్నడూ వాడగా నేను చూడలేదు. తప్పు రాస్తే అడ్డంగా ఒక గీత గీసి, పక్కన సరైనది రాసేవారు. కింది అంకె కనబడుతూనే ఉండేది.

మొదటి తిరకాసు ఆ వానాకాలమే వచ్చింది. వాన పడ్డ రోజుల్లో గాలి సున్నా అని వస్తోంది. ఈదురుగాలికి వీధిలో రేకులు లేచిపోతుంటే మీటరు మాత్రం కదల్లేదంటుంది. బేరింగులో నీళ్ళు పోతున్నాయేమోనని నేను మూడుసార్లు విప్పాను. ఏమీ లేదు. నాలుగోసారి వెళ్ళేసరికి తుంపర మొదలైంది. వాళ్ళమ్మ గబగబా మిద్దెక్కి, పాత చీర ఒకటి గరిటెల మీద కప్పి, చుట్టూ తాడు కట్టి దిగింది.

"కొత్త గరిటెలు నాయనా, తడిస్తే చెడిపోవా?" అంది నాతో, నేనే ఏదో తప్పు చేసినట్టు.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. టీచరమ్మ మాత్రం కొప్పులోంచి పెన్సిలు తీసి, "అమ్మా, మొదట ఏ రోజు కప్పినావు? గుర్తు చేసుకో" అన్నారు. ముసలామె వేళ్ళు మడిచి చెప్పింది. టీచరమ్మ ఆ తేదీల పక్కన 'అమ్మ చీర' అని రాసుకున్నారు. ఆ తర్వాత ముగ్గురం బొరుగుల ఉగ్గాని తిన్నాం. ఒక్క మాట విసుక్కోలేదు ఆమె.

వాళ్ళన్న ఊరు ఆళ్లగడ్డ. ఊరి బయట మెట్టచేను, ఒక బావి, మిరపతోట. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు లాగేవారు. ఎద్దులు ముసలివయ్యాయి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పుడు, బావుల మీద గాలిమరలు నిలబెట్టే ఒక సంస్థ వాళ్ళు టీచరమ్మకు పరిచయమయ్యారు. ఒక ఏడాది పొడుగునా ఆ చోట గాలి ఎంత వీస్తుందో లెక్క చూపాలి, మేం చెప్పిన గీతకు పైన ఉంటే మర పెడతాం, లేకపోతే లేదు అన్నారు. దాంతో ఇంకో నాలుగు గరిటెలు, ఇంకో హబ్బు, ఇంకో లేడీస్ సైకిలు మీటరు. బావి గట్టున ఎత్తైన గుంజ నాటి బిగించి వచ్చాం. పెద్దాయన రోజుకు రెండుసార్లు అంకె రాసి, వారానికొకసారి చీటీ బస్సు కండక్టరు చేతికిచ్చేవారు. కండక్టరు దాన్ని నా అంగడిలో ఇచ్చేవాడు. స్కూలు వదలగానే టీచరమ్మ వచ్చి తీసుకునేవారు. ఆ చీటీ విప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి మీరు. పండగ బట్టల మూట విప్పినట్టు విప్పేవారు.

ఎండాకాలం చివర ఆళ్లగడ్డ మీటరు దుమ్ము పట్టి బిగుసుకుంది. పెద్దాయన దాన్ని గుడ్డలో చుట్టుకుని నా దగ్గరికి తెచ్చారు. సాయంత్రం రమ్మన్నాను. ఆ మీటర్లు విప్పడానికి చేసినవి కావు. విప్పగానే లోపలి స్ప్రింగు ఎగిరింది, దాంతోపాటు గోరంత పళ్ళచక్రం ఒకటి అంగడి మన్నులో పడింది. అయస్కాంతం పెట్టి వెదికాను, చేటలో మన్ను ఎత్తి చెరిగాను. దొరకలేదు. నంద్యాల బజారులో మీటర్లు బాగుచేసేవాణ్ణని నాకొక పేరు. చెడగొట్టానని చెప్పడానికి నోరు రాలేదు. అలమరలో ఒక మగవాళ్ళ సైకిలు మీటరుంటే తీసి, ఆ గుడ్డలోనే చుట్టిపెట్టాను.

"బాగైంది పెద్దాయనా. విప్పినా గదా, అంకెలు సున్నాకొచ్చినాయి, అంతే."

ఆయన నా భుజం తట్టి, "నీ చెయ్యి మంచిదప్పా" అన్నారు. నేను ఆ చెయ్యి వెనక్కి తీసుకుని నూనెగుడ్డకు తుడుచుకున్నాను.

ఆషాఢం గాలులు మొదలయ్యాయి. ఆళ్లగడ్డ చీటీల్లో అంకెలు ఎప్పుడూ లేనంతగా పెరిగాయి. సంస్థ వాళ్ళ గీతను దాటేశాయి. పెద్దాయన సంబరం పట్టలేక ముసలి ఎద్దుల్ని సంతలో అమ్మేశారు. ఏడాది నిండగానే గాలిమర వస్తుంది, ఇక కపిల ఎందుకని.

టీచరమ్మ ఒక్కరే సంతోషపడలేదు. రెండూళ్ళ అంకెలూ పక్కపక్కన పెట్టుకుని నా అంగడి బెంచీ మీద కూర్చుండిపోయేవారు.

"ఇన్ని నెలలూ నంద్యాల గాలి ఎంత పెరిగితే ఆళ్లగడ్డదీ అంతే పెరిగేది. ఇప్పుడు ఆళ్లగడ్డలో ఒక్కచోటే ఎట్ల ఎక్కువ పెరిగిందప్పా? గాలి మా అన్న చేను చూసి వస్తాందా?"

"దేవుడు చల్లగా చూసినాడనుకోండమ్మా."

"దేవుడు చూస్తే రెండూళ్ళూ చూస్తాడు."

ఒక ఆదివారం, చర్చి అయినాక, ఇద్దరం ఆళ్లగడ్డ పోయాం. గుంజ వంగిందేమో చూశాం. నిటారుగా ఉంది. గరిటెలు మారాయేమో చూశాం. అవే. పుల్ల ఒక చుట్టుకు రెండుసార్లు తడుతోందేమోనని ఒక గరిటెకు ఎర్ర రంగు పూసి, ఆమె చుట్లు లెక్కపెట్టారు, నేను మీటరు తట్టడం లెక్కపెట్టాను. నూరు చుట్లకు నూరు. మళ్ళీ లెక్కపెట్టాం. మళ్ళీ నూరే. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అంకె మాత్రం తప్పు. ఆమె బావి గట్టున కూర్చుని, గొడుగు తెరవడం కూడా మరిచిపోయి, చాలాసేపు గరిటెలనే చూశారు.

"అప్పా, దీంట్లో ఏమన్నా మార్చినావా నువ్వు?"

"లేదమ్మా. దుమ్ము దులిపి నూనె వేసినా, అంతే."

ఆమె నన్ను రెండోసారి అడగలేదు. నమ్మారు. నమ్మారు కాబట్టి వాళ్ళన్న వైపు తిరిగారు.

"అన్నా, నువ్వు దినామూ చూసే రాస్తాండావా? లేకుంటే అందాజుగా ఏస్తాండావా?"

పెద్దాయన చొక్కా జేబులోంచి పెన్సిలు ముక్క తీసి చెల్లెలి ఒళ్ళో వేశారు. "నేను దొంగ రాతలు రాసేవాణ్ణా నీకు? ఇంగ నువ్వే రాసుకో" అని చేనులోకి వెళ్ళిపోయారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

నిజం చెప్పాలంటే, ఆ క్షణానికి నాకూ తెలియదు. మీటరు మార్చానని తెలుసు గానీ, మీటరు మీటరే కదా, ఏం తేడా అనుకున్నాను. ఆ సాయంత్రం అంగడికొచ్చి పాత మీటరు వెతికి దీపం కిందికి తెచ్చి చూశాను. దాని ముఖం మీద చిన్న అక్షరాల్లో ఇరవై ఆరు అని ఉంది. లేడీస్ సైకిలు చక్రం కొలత, అంగుళాల్లో. నేను పెట్టింది ఇరవై ఎనిమిది, మగవాళ్ళ సైకిలుది. పెద్ద చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కనుక ఆ మీటరు ప్రతి తట్టుకూ కొంచెం ఎక్కువ వేసుకుంటుంది. గరిటెలు నిజమే తిరిగాయి. పుల్ల నిజమే తట్టింది. చక్రాల కొలతలు తప్ప ఇంకేమీ తెలియని నేను, ఆ ఒక్కటీ మరిచిపోయాను.

తెలిశాక కూడా ఇరవై రోజులు చెప్పలేదు. మీరు నన్ను తిట్టుకోండి, నేనూ తిట్టుకుంటాను. చెబితే గాలిమర రాదు, ఎద్దులు అమ్ముకున్న మనిషి ఏమైపోతాడని ఒక సాకు. పేరు పోతుందన్నది అసలు భయం. ఆ ఇరవై రోజులూ ఆళ్లగడ్డ నుంచి చీటీ రాలేదు. టీచరమ్మ మాత్రం స్కూలు వదలగానే వచ్చేవారు. కండక్టరు దిగడం, ఏమీ లేదని చెయ్యి ఊపడం చూసి వెళ్ళిపోయేవారు. మూడో వారం అలా వెళ్ళిపోతూ, "మా అన్నకు అబద్ధం రాదప్పా. మరి నేనెందుకు అట్ల అడిగినానో నాకే తెలీదు" అన్నారు. ఇక నావల్ల కాలేదు.

మర్నాడు పాత మీటరు జేబు రుమాలులో కట్టుకుని ఆమె మిద్దెక్కాను. అంతా చెప్పాను. పళ్ళచక్రం మన్నులో పడ్డ దగ్గరినుంచి మొదలుపెట్టి, ఎక్కడా తగ్గించకుండా. కన్నీళ్ళు కూడా వచ్చాయి. ఆమె విని, కొప్పులోంచి పెన్సిలు తీశారు.

"ఏ తేదీన మార్చినావు?"

అంతే. నాకు తేదీ గుర్తు రాలేదు. మా చెల్లెలి కూతురి నిఖాకు ముందు రోజని మాత్రం చెప్పగలిగాను. ఆమె క్యాలెండరు తెచ్చి నాతోపాటు వెనక్కి లెక్కపెట్టి తేదీ పట్టుకున్నారు. తర్వాత ఆళ్లగడ్డ మీటరు తెప్పించి, తన మీటరు పక్కనే ఒకే మిద్దె మీద వారం రోజులు తిప్పారు. "నీ మాట నమ్ముతా. అయినా కొలుద్దాం" అన్నారు. కొలిచాక ఆ నెలల అంకెలన్నింటినీ అడ్డంగా కొట్టేసి, పక్కన కొత్తవి వేశారు. కొత్త అంకెలు సంస్థ గీతకు కొంచెం, చాలా కొంచెం, కింద నిలబడ్డాయి.

నెలనెలా పంపిన ఆ పాత కాగితాలు అప్పటికే సంస్థ చేతిలో ఉన్నాయి. ఊరుకుంటే గాలిమర వచ్చేది. ఆ మాట నేనే అన్నాను, సిగ్గు లేకుండా.

"వచ్చి, తిరగకుండా నిలబడితే? మా అన్న దినామూ దాన్ని తలెత్తి చూస్తాండాల్నా?" అన్నారు ఆమె. ఆ రోజే సంస్థకు ఉత్తరం రాశారు. కాసేపాగి, "అన్నకు నువ్వే చెప్పల్ల. నేనూ వస్తా. నాదీ ఉంది చెప్పాల్సింది" అన్నారు.

ఆళ్లగడ్డలో ఆమె ముందు చెప్పారు. "అన్నా, నిన్ను అట్ల అడిగినందుకు తప్పు నాది." తర్వాత నేను చెప్పాను. పెద్దాయన రెండూ విన్నారు. చెల్లెలి వైపు చూసి, "ఎండకొచ్చినావు, లోపలికి రా, అన్నం తిందువు" అన్నారు. నా వైపు చూడలేదు. నేను వేపచెట్టు కింద నిలబడి, తర్వాతి బస్సుకు ఒక్కణ్ణే వచ్చేశాను.

మరుసటి ఎండాకాలం మిరపతోట ఎండిపోయింది. పెద్దాయనా, ఆయన భార్యా చేతులతో నీళ్ళు తోడి ఎన్ని మళ్ళు తడపగలరు? కొన్నేళ్ళకు కరెంటు వచ్చింది, మోటారు పెట్టారు. గాలి లెక్కతో ఎవరికీ పని లేకుండా పోయింది. అయినా నేను ఎండబెట్టిన తోట ఎండబెట్టిందే.

టీచరమ్మ సంగతి నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఆళ్లగడ్డ పోయొచ్చిన మర్నాడే లేడీస్ సైకిలు తోసుకుని వచ్చి, "పంక్చరు చూడప్పా" అన్నారు, ఏమీ జరగనట్టు. వారం తిరక్కుండా ఇంకో పని అప్పగించారు. వారానికొకసారి మిద్దెక్కి, తన మీటరు నేను చూసి, నోటుబుక్కులో నా అంకె నేను రాసి, సంతకం పెట్టాలట.

"నేనా? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా అమ్మా?"

"తప్పు యాడ దూరుతాదో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

శిక్షో, నమ్మకమో నాకు తెలియలేదు. ఏళ్ళ తరబడి రాశాను. ఒకసారి వరసగా రెండు రోజులు చెట్లు ఊగుతున్నా మీటరు కదల్లేదు. ఎంత వెదికినా కారణం దొరకలేదు. ఆ గడి వదిలేసి పోబోతుంటే ఆపారు. "తెలీకపోతే తెలీదని రాయి. ఖాళీగా వదిలితే రేపు నువ్వే ఏదో ఒకటి నింపుతావు." నేను 'తెలీదు' అని రాశాను. నాలుగో తరగతితో ఆగిపోయిన నా చేత, చదువు పూర్తి చేయించినట్టు ఆ మాట రాయించారు. ఇవాళ ఈ నాలుగు కాగితాలు రాయగలుగుతున్నానంటే ఆ నోటుబుక్కు పుణ్యమే.

రిటైరయ్యాక, వాళ్ళమ్మ పోయాక, ఆమె ఆళ్లగడ్డలో అన్న దగ్గరికి వెళ్ళిపోయారు. పోయిన ఏడు కంటి డాక్టరు కోసం నంద్యాల వచ్చి నా బెంచీ మీద కూర్చున్నారు. ధైర్యం చేసి అడిగాను.

"అమ్మా, ఆ మీటరు సంగతి మీ మనసులో ఇంకా ఉందా?"

"ఏ మీటరప్పా?"

నిజంగా మరిచిపోయారా, మరిచినట్టు నటించారా? ముఖంలో వెదికాను. మసక కళ్ళతో రోడ్డు వైపు చూస్తూ టీ తాగుతున్నారు. మళ్ళీ అడగలేకపోయాను.

శుక్రవారం నమాజు ఆళ్లగడ్డలోనే చదువుకుని సమాధుల దగ్గరికి వెళ్ళాను. బాగా జనం. స్కూలు పిల్లలు కొందరు పెద్దవాళ్ళై, పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. నేను వెనక, గోడ పక్కన నిలబడ్డాను. పాస్టరు గారి ప్రార్థన అయింది. పెట్టె దించారు. దగ్గరి వాళ్ళు ఒక్కొక్కరే మట్టి వేయడానికి ముందుకు పోతున్నారు. మొదట వేయవలసిన పెద్దాయన వేయకుండా, వంగిన నడుముతో జనం మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చారు. నా దగ్గరికే వస్తున్నారని గుర్తుపట్టేసరికి నా మణికట్టు పట్టుకున్నారు. సమాధి దాకా తీసుకుపోయారు. వంగి, పిడికెడు మట్టి తీసి నా అరచేతిలో పెట్టారు.

"ఎయ్యప్పా" అన్నారు. పదేళ్ళ తర్వాత ఆయన నాతో అన్న మాట అది.

చెయ్యి చాచి వదిలాను. అప్పుడే గాలి విసురుగా వచ్చింది. సగం మట్టి పెట్టె మీద పడింది. సగం గాలికి లేచి పెద్దాయన తెల్లచొక్కా మీద పడింది. దులపబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ చెయ్యి వదలకుండానే, చొక్కా మీద ఆ ఎర్రమట్టితోనే, చివరి మనిషి మట్టి వేసేదాకా నా పక్కన నిలబడ్డారు.